పాన్ డబ్బా, పన్‌డుబ్బీ

డిస్ట్రాయర్ అనే మాటకు తెలుగు ఏమిటో మా ఇంట్లో అందరికంటే ముందు తెలుసుకున్నది మా అమ్మ. తెలుసుకొని స్పృహ తప్పి పడిపోయింది.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. మా మేనమామ షెడ్డులో ఒక మూల రేడియో పెట్టుకొని, సాంచాలు నడుస్తుండగానే వార్తలు వినేవాడు. యుద్ధం రోజులు. మన విధ్వంసక నౌక ఒకటి ఎక్కడికో బయలుదేరిందని వార్తలు చదివే ఆయన చెప్పాడట. సాంచాల చప్పుడులో మా మామ చెవిన పడ్డవి రెండే మాటలు: విధ్వంసం, నౌక. ఆయన ఉరుక్కుంటూ ఇంటికి వచ్చి, "అక్కా, పిలగాని జహాజ్ విధ్వంసమైందంటనే!" అన్నాడు. మా అమ్మ చేతిలో బియ్యం చాట అట్లాగే కింద పడింది.

నేను నేవీ నుంచి సెలవు మీద వచ్చి గడపలో నిలబడేదాకా ఆమె నమ్మలేదు. నమ్మాక నన్నే కొట్టింది. "పాడుగాను! గసొంటి పేరున్న జహాజ్ ఎందుకెక్కినవ్‌రా?" అంది. పేరు నేను పెట్టలేదని ఎంత చెప్పినా వినలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీకు చెప్పబోయే అసలు ముచ్చట కూడా ఇలాంటి వినికిడి బాపతే. ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్లు మీబోటి పిల్లలకు చివర్లో ఒక నీతి చెప్పి పంపుతారు. నా దగ్గర నీతి లేదు. ఒక గందరగోళం ఉంది, కావాలంటే తీసుకోండి.

మా ఓడ ముసలిది. తెల్లవాళ్ల యుద్ధంలో పుట్టింది. అక్కడెక్కడో మంచు సముద్రాల్లో సరుకు ఓడలకు కాపలా కాసిందట. వాళ్ల యుద్ధం అయిపోయాక కొన్నాళ్లు రేవులో ఊరికే కట్టేశారు. తర్వాత మనవాళ్లు కొని, రంగు వేసి, కొత్త పేరు పెట్టారు. పెళ్లయ్యాక ఆడపిల్లకు ఇంటిపేరు మారినట్టే. కానీ నేను పనిచేసిన బాయిలర్ గదిలో, ఆవిరి గొట్టాల వెనక రంగు పెచ్చులు ఊడిన చోట, తెల్లవాళ్లు మేకుతో గీసుకున్న పేర్లు కనిపించేవి. నాకంటే ముందు అక్కడ చెమటలు కక్కినవాళ్లు. చలి సముద్రంలో ఆ గది వాళ్లకు స్వర్గంలా ఉండి ఉంటుంది. మాకు మాత్రం ఇటుక బట్టీ.

డిస్ట్రాయర్ అంటే మరీ పెద్ద ఓడ కాదు. సన్నగా, వేగంగా పోతుంది. నీళ్ల కింద తిరిగే శత్రువుల సబ్‌మెరైన్లను వెతికి చంపడం దాని ముఖ్యమైన పని. బాయిలర్ గదిలో ఉన్నవాడికి ఇవేవీ కనిపించవు. పైన గంట మోగుతుంది, మేం మంట పెంచుతాం. మళ్లీ మోగుతుంది, తగ్గిస్తాం. యుద్ధం చూశావా తాతా అని మా మనవరాలు అడిగితే, విన్నానే అంటాను. అది కూడా సగమే.

ఆ ఓడలో నాకు మన జిల్లాల మనిషి ఒక్కడే దొరికాడు. మేడిపల్లి ఆయన. గీత కార్మికుల ఇంటి బిడ్డ. నాకంటే కొంచెం పెద్ద, కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. చిన్నప్పటి నుంచి తాటిచెట్లెక్కిన కాళ్లు. ఇంటి నుంచి వస్తూ వాళ్ల నాయన మోకు తెచ్చుకున్నాడు. మోకు అంటే తాటిచెట్టును, నడుమును కలిపి చుట్టుకొని పైకి పాకే తాడు. నేవీలో మోకెందుకని అందరూ నవ్వారు. ఓడ మధ్యన నిలబెట్టిన ఇనుప మాస్ట్ మీద ఏదైనా చెడిపోతే మాత్రం ఆయన్నే పిలిచేవారు. మిగతావాళ్లు బెల్టులు, కొక్కేలు తగిలించుకొనే లోపల ఆయన మోకు వేసుకొని పైన ఉండేవాడు. పై నుంచి, "తమ్మీ, కల్లు దింపాల్నా?" అని అరిచేవాడు. ఆ అరుపు నాకొక్కడికే అర్థమయ్యేది. మిగతా ఓడంతా అదేదో సిగ్నల్ అనుకునేది.

ఆ రోజు సంగతి చెబుతాను.

పొద్దున మాస్ట్ మీది తీగ ఒకటి తెగింది. అన్న ఎక్కి కట్టాలి. ఇక్కడ ఒక్క విషయం తెలుసుకోండి. మనిషి మాస్ట్ మీద ఉన్నంతసేపు రాడార్ ఆపేస్తారు, లేకపోతే ఎక్కినవాడికి ప్రమాదం. అంటే ఆ కాసేపు ఓడకు కళ్లు లేనట్టే. చుట్టుపక్కల శత్రువుల సబ్‌మెరైన్ తిరుగుతోందని అప్పటికే కబురు ఉంది. అందుకని పైన ఉన్న ప్రతివాడూ సముద్రాన్ని గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఎక్కినవాడు జారకుండా ఓడను బాగా నెమ్మది చేశారు.

నేను డ్యూటీ దిగి గాలి కోసం పైకి వచ్చాను. గాలి ఏది! కింద ఎంత ఉక్కో పైనా అంతే. సముద్రం తాంబాళంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. మా పొగగొట్టం పొగ పక్కకు పోవడం కూడా మరిచిపోయి నిట్టనిలువుగా లేస్తోంది. దీనికోసమా ఇన్ని మెట్లెక్కాను అని తిట్టుకుంటూ బనీను పిండుకుంటున్నాను.

పై నుంచి మేడిపల్లి అన్న అరిచాడు.

నాకు వినిపించింది ఇదీ: "పాన్ డబ్బ! గదో, పాన్ డబ్బ!"

మన దగ్గర పాన్ డబ్బా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. బస్టాండు ముందర, సినిమా హాలు ముందర, నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన చెక్క డబ్బా కొట్టు. నడి సముద్రంలో పాన్ డబ్బా ఏందిరా నాయనా, ఎండకు ఈయన మతి పోయిందా అనుకున్నాను.

కానీ బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే అధికారులు నిలబడే పై అరుగు మీద, కాపలా ఉన్నవాడు ఉత్తరాది కుర్రాడు. హిందీలో సబ్‌మెరైన్‌ను పన్‌డుబ్బీ అంటారు. వాడు విన్నది అదే. "పన్‌డుబ్బీ! పన్‌డుబ్బీ!" అని గొంతు చించుకున్నాడు. ఇంకేముంది, గంటలు మోగాయి. మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ ఉరికారు.

నా పక్కన మా పెట్టీ ఆఫీసర్ ఉన్నాడు. బాయిలర్ గదికి పెద్ద, పంజాబీ, మంచివాడే. నేను ఆయన చెయ్యి పట్టుకొని నాకొచ్చిన హిందీలో చెప్పాను. "సాబ్, వో పాన్ డబ్బా బోల్ రహా హై! పన్‌డుబ్బీ నహీ, పాన్ డబ్బా!"

"హా, వహీ తో! పన్‌డుబ్బీ!" అన్నాడాయన. ఔను, అదే కదా అన్నమాట.

"అరే నహీ సాబ్! డబ్బా! డబ్బా!"

"డుబ్బీ, డుబ్బీ! భాగో నీచే!" అని నన్ను కిందికి తోశాడు. ఇద్దరం ఒకటే మాట అరుచుకుంటున్నామని ఆయన నమ్మకం. నాకు గుండె దడదడలాడుతోంది, ఆ గందరగోళంలో నవ్వు కూడా వస్తోంది.

మీరు వెంటనే ఒక నిర్ణయానికి రాకండి. నీళ్లలోకి చప్పుడు పంపి తిరిగొచ్చే మోతను వినే యంత్రం మాకు ఉంది. దాని ముందు కూర్చున్నవాడు కూడా, ఔను, ఏదో తగిలింది అన్నాడట. కాబట్టి ఒక్క అరుపు మీదే అంతా జరిగిందని నేను చెప్పలేను. జరగలేదనీ చెప్పలేను.

నేను బాయిలర్ ముందుకు చేరేసరికి ఓడ వేగం అందుకుంది. డెప్త్ ఛార్జీలు వదిలారు. అవి నూనె పీపాల్లాంటి బాంబులు, నీళ్లలోకి దిగిపోయి లోతున పేలుతాయి. ఒక్కొక్కటి పేలుతుంటే ఓడ అడుగున ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు రేకులన్నీ అదిరాయి. నాకు ఒకటే ఆలోచన. అన్న ఇంకా మాస్ట్ మీదే ఉన్నాడు. దిగడానికి టైమెక్కడిచ్చారు?

అన్నీ అయ్యాక మమ్మల్ని పైకి రానిచ్చారు. సముద్రం మీద చేపలు తెల్లటి కడుపులు పైకి తేలి ఉన్నాయి. రంగురంగుల నూనె పొర పరుచుకుంటోంది. జనం టోపీలు ఎగరేసి కేకలు పెట్టారు. నూనె తేలిందంటే సబ్‌మెరైన్ పగిలినట్టే. ఆ నూనె మధ్యలో ఒక చెక్క తేలుతోంది. నీలం రంగు చెక్క.

"సాబ్, పన్‌డుబ్బీలో చెక్క ఉంటదా?" అని అడిగాను.

"ఎందుకుండదు? వాళ్లు కూర్చోరా? పడుకోరా?" అన్నాడు పెట్టీ ఆఫీసర్. నేనెప్పుడూ సబ్‌మెరైన్ లోపలికి పోలేదు. చేపలు పట్టే పడవలకు నీలం రంగు వేస్తారని తెలుసు. వాటిల్లోనూ నూనె ఉంటుందని తెలుసు. ఆగి వెతకడానికి మాకు ఆర్డర్ లేదు. ఓడ ముక్కు తిప్పి వెళ్లిపోయాం.

అన్న మాస్ట్ దిగాడు. మోకు నడుముకే ఉంది, విప్పుకోవడం చేతకావడం లేదు. నేనే విప్పాను.

"తమ్మీ, నేనేమన్న?" అని అడిగాడు.

"పాన్ డబ్బ అన్నవ్ గదనే."

"గట్లనే అన్ననా? పన్‌డుబ్బీ అనలేదా?"

"నాకు డబ్బ అనే ఇనవడ్డది."

"ఎందుకన్న మరి గా మాట?"

"నన్నడుగుతవేందే! సూసింది నువ్వు!"

ఆయన సముద్రం వైపు తిరిగాడు. "ఏదో ఒకటి నిలువుగ కనవడ్డది తమ్మీ. దాని ముంగట గుడ్డసొంటిది ఉండె," అన్నాడు. పాన్ డబ్బాలకు ఎండ పడకుండా ముందు గుడ్డ కడతారు కదా, అందుకే ఆ మాట నోటికొచ్చి ఉంటుంది. ఇంకేదో అనబోతుండగా కెప్టెన్ సాబ్ వచ్చి ఆయన భుజం తట్టాడు. శభాష్ అన్నాడు. ఆ సాయంత్రం అన్నకు రమ్ము ఎక్కువ పోశారు. ఆయన దాన్ని ముట్టలేదు, నా గ్లాసులో పోశాడు. మేడిపల్లి మనిషి మందు వద్దనడం నేను చూసింది అదే మొదలు.

అప్పటి నుంచి ఆయన సబ్‌మెరైన్‌ను పట్టినోడు. ఓడలో అదే పేరు, ఊళ్లో అదే పేరు. ఓడ మాత్రం ఆ తర్వాత కొన్నాళ్లు కుర్రాళ్లకు పని నేర్పడానికి పనికొచ్చింది. ఆనక విరగ్గొట్టి ఇనుము కింద అమ్మేశారు. ఆ ఇనుము ఏమైందో ఎవరికి తెలుసు? మా సిరిసిల్లలో ఏ సాంచెకో బోల్టయి వచ్చి ఉన్నా ఆశ్చర్యపోను.

నేను సర్వీసు దిగి సాంచాలు రిపేరు చేసే పనిలో పడ్డాను. అన్న మేడిపల్లిలో ఎవుసం చేసుకున్నాడు. మళ్లీ చెట్టెక్కలేదు. మోకాళ్లు నొప్పులనేవాడు. ఏ పెళ్లిలోనో, కొండగట్టు పోతూ మల్యాల బస్సులోనో కలిస్తే చాలు, బాగున్నావా అని కూడా అనకుండా, "తమ్మీ, గా దినం నేనేమన్న?" అని అడిగేవాడు. పాన్ డబ్బా అన్నావని చెప్పేవాణ్ణి. ఏళ్లు గడిచే కొద్దీ నాకే నమ్మకం తగ్గింది. ముందు సాంచాల చప్పుడు, తర్వాత బాయిలర్ చప్పుడు, మళ్లీ సాంచాలు. నా చెవుల సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది? ఆయనకు అప్పటికే హిందీ వచ్చు. పన్‌డుబ్బీ అనే అన్నాడేమో. మన భాష వినాలని మొహం వాచి, నేనే మన మాటగా విన్నానేమో.

ఒకసారి విసుగొచ్చి, "ఏదంటే ఏందే? యుద్ధం అయిపోయె, గెలిస్తిమి!" అని కసిరాను.

"నీకేమైతది! డబ్బ అంటే పడవ తమ్మీ. పడవంటే మనుషులు," అన్నాడు. ఇంకెప్పుడూ కసరలేదు.

ఈ మధ్య జగిత్యాలలో ఒక కాలేజీవాళ్లు మా ఇద్దరికీ సన్మానం పెట్టారు. పూనుకున్నది అక్కడ చరిత్ర చెప్పే మేడం. కోరుట్ల వైపు దొరల ఇంటి ఆడపిల్ల, కానీ దొరతనం ఏమీ లేదు. మా కాళ్లకు దండం పెట్టి, తానే చాయ్ తెచ్చి ఇచ్చింది. మా ఓడ చరిత్రంతా ఎక్కడెక్కడో వెతికి పట్టుకొచ్చింది. ఎక్కడ కట్టారు, ఏ సముద్రాల్లో తిరిగింది, ఎప్పుడు విరగ్గొట్టారు, అన్నీ ఉన్నాయి. సభకు ముందు స్టాఫ్ రూములో మాకు చదివి వినిపించింది. అందులో ఒక వాక్యం వచ్చింది. మాస్ట్ మీదున్న నావికుడు సబ్‌మెరైన్‌ను కనిపెట్టగా ఓడ దాడి చేసిందని.

అన్న చాయ్ కప్పు కింద పెట్టాడు. "బిడ్డా, గా మాట తీసెయ్యరాదు?"

"అయ్యో, అదే కదా సార్ మెయిన్ పాయింటు! పిల్లలందరూ దానికోసమే వస్తున్రు," అంది మేడం.

"తమ్మీ, చెప్పు. నేనేమన్ననో చెప్పు మేడంకు."

చెప్పాను. పాన్ డబ్బా, పన్‌డుబ్బీ అనగానే మేడం పకపకా నవ్వింది. ఎవరైనా నవ్వుతారు, నేనూ నవ్వినవాణ్ణే. తర్వాత అన్న మొహం చూసి ఆపేసింది. పెన్ను తీసుకొని, "మరి అది పడవైతే..." అని అక్కడే ఆగింది. "సార్, ఏమని రాయమంటరు?"

"సూసిండు అని రాయమ్మా. ఏం సూసిండో రాయకు," అన్నాను.

పాపం, అట్లాగే చదివింది. మాస్ట్ మీది నావికుడు నీటిపై ఒకదాన్ని చూశాడు అనగానే హాలు గుసగుసలాడింది. ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "తాతా, ఒకటి అంటే ఏంది?" అని అడిగింది.

అన్న మైకు అందుకున్నాడు. "ఎరుకలేదు బిడ్డా. యాభై ఏండ్ల సంది నేను గూడ గదే అడుగుతున్న," అన్నాడు. పిల్లలు జోకనుకొని విరగబడి చప్పట్లు కొట్టారు. మాకు శాలువాలు కప్పారు. ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో మేమిద్దరం దారి తప్పిన ముసలోళ్లలా ఉన్నాం.

జగిత్యాల బస్టాండుకు వచ్చాం. ఆయన కోరుట్ల బస్సెక్కి మధ్యలో మేడిపల్లిలో దిగాలి, నేను సిరిసిల్ల వైపు పోవాలి. గేటు బయట పాన్ డబ్బా ఒకటి ఉంది. ఇప్పుడన్నీ రేకు డబ్బాలు, ఇది ఇంకా చెక్కదే. ముందు ఎండకు గుడ్డ కట్టి ఉంది. అన్న దానికి దూరంగా నిలబడిపోయాడు. బస్సుల గాలికి ఆ గుడ్డ కదులుతోంది. చూస్తూ చూస్తూ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, నేనేమన్ననో ఇగ నిన్ను అడుగ. ఒక్కటి చెప్పు. గా గుడ్డ దానంతట అదే ఊగెనా, ఎవలన్న ఊపిన్రా?"

ఇన్నేళ్లు గుడ్డ ఉండె అన్నాడే గానీ, అది కదిలిందని ఎన్నడూ అనలేదు.

"నాకు కిందికెల్లి గుడ్డ యాడ కనవడుతదే అన్నా?"

"గాలుండెనా గా దినం? గదన్న చెప్పు. నువ్వు గాలికే గద పైకొచ్చింది."

తిన్నగా పైకి లేచిన ఆ పొగ నా కళ్ల ముందుకు వచ్చింది. పిండుకున్న బనీను గుర్తొచ్చింది. అన్నిటి మీదా అనుమానం పట్టింది నాకు, అది ఒక్కటి తప్ప.

"ఉండె," అన్నాను. "మస్తు గాలుండె అన్నా."

"ఉండె గద?"

"ఉండె."

"మరింకేంది," అన్నాడు. నా మోచెయ్యి వదిలాడు. కోరుట్ల బస్సు వచ్చింది. మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు గేటు దాటి మలుపు తిరుగుతుండగా మెడలోని శాలువా తీసి, చెయ్యి బయటపెట్టి నాకేసి ఊపాడు.

నాకు చూపు సరిగ్గా ఆనదు. బస్సు అప్పటికే దూరం పోయింది, దుమ్ము లేచింది, ఆయన మొహం కూడా కనిపించడం లేదు. బస్సు గాలికి మిగతా కిటికీల పరదాలు ఊగుతూనే ఉన్నాయి. అయినా ఆ శాలువా ఊగుతున్నది కాదు, ఊపుతున్నదని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికైనా తెలుస్తుంది.